నడవని బస్సుకు నూటికి నూరు

బస్సు టైముకి వచ్చిందా, జనం ఎక్కారా, క్షేమంగా దిగారా అని చూసుకుంటూ కూర్చోవడం పాతకాలపు పద్ధతి. 1932లో నిజాం జమానాలో 27 బస్సులతో ప్రజా రవాణా మొదలైనప్పుడు అది చెల్లుబాటయ్యేది. ఇప్పుడు బస్సు బాగా నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి బస్సెక్కాల్సిన పనే లేదు, ఎక్సెల్ షీటు తెరిస్తే చాలు. డిపోల పనితీరు మదింపు కమిటీలో సభ్యుడిగా (ఏ రాష్ట్రమో చెప్పను, చెబితే పక్క రాష్ట్రం వాళ్లు తమకూ ఒక కమిటీ కావాలంటారు) ఈ శాస్త్రాన్ని ప్రజలకు విడమరిచి చెప్పే బాధ్యత నా మీద పడింది.

శాస్త్రం పేరు డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్, పొట్టిగా డీఈఏ. 1957లో ఫారెల్ అనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త దీనికి పునాది వేస్తే, 1978లో అమెరికాలో చార్న్స్, కూపర్, రోడ్స్ అనే ముగ్గురు దాన్ని లెక్కగా మార్చారు. డిపోలోకి పోయేవి (ఇన్‌పుట్లు) ఒకవైపు రాయాలి: బస్సులు, డీజిల్, సిబ్బంది. డిపో నుంచి వచ్చేవి (అవుట్‌పుట్లు) ఇంకోవైపు: తిరిగిన కిలోమీటర్లు, ఎక్కిన జనం, వచ్చిన డబ్బు. వచ్చినదాన్ని పోయినదానితో భాగిస్తే మార్కు వస్తుంది. ముందు వరుసలో నిలిచిన డిపోకి 1, వెనకబడ్డవాళ్లకి సున్నా పాయింట్ ఎంతో కొంత.

ఇందులో నా మనసు దోచుకున్న సంగతి ఒకటుంది. దేనికెంత వెయిటేజీ ఇవ్వాలో పైవాళ్లు నిర్ణయించరు. ఏ డిపోకి ఏది అనుకూలమో ఆ వెయిటేజీలే దానికి వేసి మార్కు లెక్కకడతారు. నేను వెటకారం చేయడం లేదు, మోడల్ నిజంగానే అలా ఉంటుంది. డీజిల్ పొదుపులో గట్టిదైన డిపో వెయిటేజీ అంతా డీజిల్ మీదే గుమ్మరించుకుని, బస్సులో మనుషులున్నారా లేరా అన్న చిన్న విషయానికి దాదాపు సున్నా ఇచ్చుకోవచ్చు. అయితే డిపోలు ఎక్కువుండాలి, కొలతలు తక్కువుండాలి. కొలతలు పెరిగేకొద్దీ ప్రతి డిపోకి తను గొప్పగా కనిపించే మూల ఒకటి దొరుకుతుంది. మా కమిటీలో ప్రతి విభాగం నుంచీ ఒక అధికారి ఉన్నారు, ఎవరి కొలత వాళ్లు తెచ్చారు. పది డిపోలకు పన్నెండు కొలతలయ్యాయి. పదింటికీ 1 వచ్చింది. వెంటనే సన్మాన సభ పెట్టాం, శాలువాలు చాలక రెండు అప్పు తేవాల్సి వచ్చింది.

అందరూ ఫస్టే అయితే సంస్కరణ ఎవరిని చేయాలి? అందుకని రెండో విడతలో కొలతలు నాలుగుకి కుదించి, ఇంకొన్ని డిపోలను కలిపాం. అప్పుడు ఒక డిపోకి 0.73 వచ్చింది. ఆ డిపో మేనేజర్ అమాయకుడు. "సార్, మేం ఎవర్ని చూసి నేర్చుకోవాలి?" అని అడిగాడు. మోడల్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: ఒక నగరపు డిపోలో అరవై శాతం, ఒక జాతీయ రహదారి డిపోలో నలభై శాతం కలిపితే వచ్చే డిపోని చూసి. అలాంటి డిపో భూమ్మీద లేదు. మన ఇళ్లలో తల్లిదండ్రులు ఎప్పట్నుంచో చేస్తున్నదే ఇది: లెక్కల్లో పక్కింటి అబ్బాయిని, చేతిరాతలో ఎదురింటి అమ్మాయిని, వినయంలో మేనత్త కొడుకుని కలిపి ఒక పిల్లాణ్ని తయారుచేసి, వాడిలా ఎందుకు లేవురా అని అడగడం. అమెరికా వాళ్లు దానికి సమీకరణం రాశారు, అంతే తేడా.

0.73 అంటే అర్థం, ఇప్పుడు చేస్తున్న పనే 73 శాతం బస్సులతో, 73 శాతం డీజిల్‌తో, 73 శాతం మనుషులతో చేయాలని. ఎనభై మంది కండక్టర్లున్న చోట 58.4 మంది సరిపోవాలి. ఆ పాయింట్ నాలుగు కండక్టర్ని ఎక్కడ్నుంచి తేవాలని యూనియన్ వాళ్లు గేటు దగ్గర ధర్నా చేశారు. వాళ్లకి గణితం మీద గౌరవం లేదు. ఆర్టీసీలో ఆ భిన్నాన్ని ఎప్పుడో సాధించారు. డ్రైవర్ మెడలో టిమ్ మిషన్ (టికెట్లు కొట్టే యంత్రం) వేస్తే ఒకే మనిషి ఒక డ్రైవరూ, పాయింట్ నాలుగు కండక్టరూ అవుతాడు. స్టీరింగ్ వదిలి చిల్లర వెతుకుతున్నప్పుడు ఏ పాలు ఎంతో విడదీసి చెప్పడం మాత్రం కష్టం.

ఇక కేఎంపీఎల్. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో డ్రైవర్ పేరు పక్కన రాసి బోర్డు పెట్టడం డిపోల్లో మామూలే. బ్రేకు వేసినప్పుడల్లా డీజిల్ దండగ, ఆపిన బండిని మళ్లీ కదిలించాలంటే ఇంకా దండగ. స్టేజీలో చెయ్యెత్తే ముసలమ్మ ఈ దృష్టితో చూస్తే ఇంధన నష్టం. ఆమెను దాటుకుని పోయిన డ్రైవర్ని జనం తిడతారు, బోర్డు మెచ్చుకుంటుంది. ఇదే దారిలో ఇంకొంచెం ముందుకెళ్లి నేను ఒక ప్రతిపాదన పెట్టాను: అసలు నడవని బస్సు డీజిల్ తాగదు, టైర్లు అరగవు, ఫిర్యాదులు రావు. సున్నాని సున్నాతో భాగిస్తే ఎంతో గణితం తేల్చదు కదా అని ఆర్థిక విభాగం కొర్రీ వేసింది. తేలనిదానికి ఆడిట్ అభ్యంతరం కూడా ఉండదని నేను జవాబు రాశాను. ఫైలు ఇంకా తిరుగుతోంది.

2023 డిసెంబర్ 9న తెలంగాణలో, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక లెక్క మరీ రసవత్తరమైంది. సీట్లకు మించి ఎక్కితే ఓఆర్, అంటే సీట్లు ఎంత శాతం నిండాయన్న లెక్క, వంద దాటుతుంది. ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడే కుర్రాడు మా భాషలో అదనపు సామర్థ్యం. కానీ జీరో టికెట్ తీసుకున్న మహిళ ఇన్‌పుటా, అవుట్‌పుటా? ఖర్చు విభాగం ఇన్‌పుట్ అంది, ప్రచార విభాగం అవుట్‌పుట్ అంది. చివరికి మధ్యాహ్నం వరకు ఒకటి, తర్వాత ఇంకొకటి అని రాజీ కుదిరింది.

ఇంత పకడ్బందీగా చేసినా ఒక్క పల్లెవెలుగు మమ్మల్ని విసిగించింది. పొద్దున్నే ఊరి చివర నుంచి బయల్దేరే ట్రిప్పు. ఇంటర్ చదివే ముగ్గురమ్మాయిలు, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లే పెద్దాయన, పూలగంపతో ఒకావిడ. పెద్దాయన ఎక్కేదాకా కండక్టర్ రైట్ కొట్టడు, ఆ నిమిషం కూడా మాకు నష్టమే. బండిని హైదరాబాద్ రూటులో పెడితే కిలోమీటరుకి వచ్చే రాబడి ఎంత పెరుగుతుందో మోడల్ క్షణంలో చెప్పేసింది. "ఈ ట్రిప్పు ఎత్తేస్తే వీళ్లెట్లా వెళ్తారండీ?" అన్నాడు కండక్టర్. ఎత్తేశాం. డిపో మార్కు పెరిగింది. అమ్మాయిల్లో ఇద్దరు కాలేజీ మానేశారని తర్వాత తెలిసింది కానీ, ఎక్కని ప్రయాణికురాలికి టిమ్ మిషన్‌లో మీట లేదు. లేనిదాన్ని షీటులో ఎలా నింపుతాం?

ఇక్కడ ఈ మోడల్ కన్నవాళ్ల మీద నాకొక ఫిర్యాదు ఉంది. రోడ్స్ దీన్ని మొదట వాడింది అమెరికాలో పేదపిల్లల చదువు కోసం నడిపిన ఫాలో త్రూ అనే పథకం మీద, 70 చోట్ల బడుల లెక్కలు తీసుకుని. అందులో ఇన్‌పుట్లేమిటయ్యా అంటే తల్లి ఎంత చదువుకుంది, అమ్మానాన్నలు బడికి ఎన్నిసార్లు వచ్చారు లాంటివి. అవుట్‌పుట్లు మూడు: చదవడంలో మార్కులు, లెక్కల్లో మార్కులు, మూడోది పిల్లల ఆత్మగౌరవం! ధర కట్టలేని వాటిని కూడా లెక్కలోకి తేవాలనే వాళ్లు ఆ సమీకరణాలతో అంత కుస్తీ పట్టారట. మంచి యంత్రాన్ని అలాంటి పనికి వాడి వృథా చేశారు. మేం సరిదిద్దాం. మా పన్నెండు కొలతల్లో రూపాయిలోకో, లీటరులోకో, కిలోమీటరులోకో మారనిది ఒక్కటీ లేదు.

ఇంగ్లండ్ వాళ్లు నయం. 2004లో ఎమర్జెన్సీకి వచ్చిన రోగుల్లో 98 శాతం మందిని నాలుగు గంటల్లోపు తేల్చేయాలని ఆస్పత్రులకు లక్ష్యం పెట్టారు. గడువు ముగియబోయే చివరి నిమిషాల్లో రోగులు ఒక్కసారిగా వార్డులకు కదిలిపోవడం అక్కడి పరిశోధకులు గ్రాఫుల్లో చూశారు. 2010లో ఆ 98ని 95 చేశారు. నాకు మాత్రం ఆ గ్రాఫు చూస్తే వైద్యవిద్య మీద గౌరవం పెరిగింది.

చివరగా, మా కమిటీ పనితీరుకీ మార్కు వేయాలని ఎవరో ఆర్టీఐ పెట్టారు. మేం వెనకాడలేదు. ఇన్‌పుట్లు: రెండు విదేశీ పర్యటనలు, నాలుగు అద్దె కార్లు, స్నాక్స్ బిల్లు. అవుట్‌పుట్: ఒక మధ్యంతర నివేదిక. మాతో పోల్చడానికి ఇంకో కమిటీ లేదు. పోలిక లేనివాళ్లకి ఈ మోడల్‌లో వచ్చే మార్కు 1. ఆ కాగితాన్నే జత చేసి గడువు ఇంకో ఏడాది పొడిగించమని ఫైలు పెట్టాం. సంతకం అయిపోయింది.