వెండి కప్పు ఎవరి వాటా?

ఈ తగవు తీర్చడానికి నాకు రెండు అర్హతలున్నాయి. మొదటిది, నాకు స్కేటింగ్ రాదు, కాబట్టి ఏ జట్టు మీదా పక్షపాతం లేదు. రెండోది, మా ఇంటి పంపకాలు నా కళ్ళ ముందే మూడుసార్లు జరిగాయి. మొదటిసారి పొలం, రెండోసారి ఇల్లు, మూడోసారి అమ్మమ్మ కాఫీ ఫిల్టరు. మూడోదే ఎక్కువ రోజులు సాగింది. కనుక అమెరికా కాలేజీ ఐస్ హాకీలో పదిహేనేళ్ళుగా నలుగుతున్న ఆస్తి తగాదాలో పెద్దమనిషిగా కూర్చోవడానికి నాకంటే తగినవాడు దొరకడని సవినయంగా మనవి.

ముందు వంశవృక్షం చూద్దాం. అమెరికాలో కాలేజీ జట్లు కొన్ని కలిసి ఒక కాన్ఫరెన్స్‌గా ఏర్పడతాయి. సీజన్లో చాలా ఆటలు తమలో తామే ఆడుకుంటాయి. చివర్లో ఆ ఇంటి టోర్నమెంటు గెలిచిన జట్టుకు 16 జట్ల జాతీయ పోటీలో నేరుగా చోటు దొరుకుతుంది. కాన్ఫరెన్స్ లేని జట్టంటే రేషన్ కార్డు లేని సంసారం. వండుకు తినడానికి ఎవరూ అడ్డుపడరు, కానీ ఏ క్యూలో నిలబడ్డా కార్డేదీ అని అడుగుతారు.

అలాంటి ఉమ్మడి కుటుంబాల్లో పాతది డబ్ల్యూసీహెచ్‌ఏ, 1951 నాటిది. పక్క వీధిలో సీసీహెచ్‌ఏ, 1971లో పుట్టింది. ఈ పొడి అక్షరాలు చూసి కంగారు పడకండి. ఇవి పొలం సర్వే నంబర్ల లాంటివి. సొంతదారులకు తప్ప ఎవరికీ గుర్తుండవు, గొడవంతా మాత్రం వాటి మీదే. ఈ రెండిళ్ళలోనూ వేల మంది ప్రేక్షకులున్న మిన్నెసోటా, మిషిగన్ లాంటి మోతుబరులూ, మంచులో కూరుకుపోయిన చిన్న ఊళ్ళ కాలేజీలూ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేసేవి. మోతుబరి ఊరికొస్తే చిన్నవాడి గేటు ఆదాయం ఏడాదికి సరిపడా వచ్చేది.

2010లో టెర్రీ పెగులా అనే ఆయన తాను చదువుకున్న పెన్ స్టేట్‌కు హాకీ కోసం 8.8 కోట్ల డాలర్లు ప్రకటించాడు. సహజవాయువు వ్యాపారంలో సంపాదించిన డబ్బు. గ్యాస్‌తో మంచు గడ్డకట్టించిన ఘనత ఆయనదే. పాపం, ఆయన ఉద్దేశం మంచిదే. తన కాలేజీకి ఒక మంచి రింకూ, అంటే ఆడుకునే మంచు మైదానమూ, ఒక జట్టూ ఉండాలని. కానీ పెన్ స్టేట్ ఉండేది బిగ్ టెన్ అనే ఫుట్‌బాల్ జమీందారీలో. అక్కడ అప్పటికే ఐదు కాలేజీలకు హాకీ జట్లున్నాయి. సొంత హాకీ కాన్ఫరెన్స్ పెట్టుకోవడానికి ఆరోది ఒక్కటే తక్కువ. ఆరోది రాగానే ఐదుగురు అన్నలూ పెట్టెలు సర్దుకున్నారు. సొంత టీవీ ఛానెల్ ఉన్న ఇల్లు మరి, బొమ్మ పడాలంటే ఆట కావాలి.

ఇక్కడ బిగ్ టెన్ లెక్కల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పేరులో పది. 2024 నుంచి సభ్యులు 18 మంది. వాళ్ళలో హాకీ ఆడేది ఆరుగురు. హాకీలో జట్లు మాత్రం ఏడు, ఎందుకంటే నోటర్ డామ్ 2017లో ఒక్క హాకీ కోసం ఇల్లరికం వచ్చింది. అదే దేశంలో పసిఫిక్ సముద్రం గాలి తగిలే స్టాన్‌ఫర్డ్ ఇప్పుడు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఉంది. భూగోళం, గణితం రెండూ నేర్పాల్సిన విశ్వవిద్యాలయాలే ఇవి.

సరే, పెద్దన్నలు వెళ్ళారు. మిగిలినవాళ్ళు ఏడుస్తూ కూర్చోవాలి కదా. కానీ 2011 వేసవిలోనే నార్త్ డకోటా, డెన్వర్ లాంటి నడిపన్నలు కూడబలుక్కుని ఎన్‌సీహెచ్‌సీ అనే కొత్త ఇల్లు కట్టారు. 2013కల్లా పాత డబ్ల్యూసీహెచ్‌ఏ ఇంట్లోని పన్నెండు జట్లలో ఇద్దరు బిగ్ టెన్‌కు, ఆరుగురు కొత్తింటికి. మిగిలింది నలుగురు. పక్కింటి సీసీహెచ్‌ఏ అయితే ఏకంగా మూతబడింది. దానిలో వెనకబడ్డ ఐదుగురూ, ఎక్కడా చోటు దొరకని హంట్స్‌విల్లూ వచ్చి ఈ నలుగురితో కలిశారు. పదిమంది పేదలు, పాత పేరు, పాత బోర్డు. మేం మిగిలినవాళ్ళం, మనసున్నవాళ్ళం అన్నట్టుండేది వాళ్ళ ధోరణి. ఆ సంవత్సరాల్లో వాళ్ళ మీద నాకు నిజంగా జాలేసేది.

ఆ జాలి 2019 జూన్ దాకా నిలిచింది.

ఆ నెలలో పదిమందిలో ఏడుగురు మేమూ వేరుపడుతున్నామని ప్రకటించారు. కారణాలుగా చెప్పినవి ప్రాంతీయ సర్దుబాటు, విద్యార్థి క్రీడాకారుల అనుభవం, దగ్గరి ఊళ్ళ మధ్య సహజమైన పోటీ. తెలుగులో చెప్పాలంటే, విమానం టిక్కెట్లు. వదిలేసిన ముగ్గురు ఎవరయ్యా అంటే, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్, యాంకరేజ్, అలబామాలోని హంట్స్‌విల్. ఒక మూల ఉత్తర ధ్రువం పక్క, ఇంకో మూల పత్తి పండే దక్షిణాది. హంట్స్‌విల్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్‌కు గాల్లో గీత గీస్తే 5,000 కిలోమీటర్లు దాటుతుంది. హైదరాబాద్ నుంచి అంత దూరం వెళ్తే దాదాపు మాస్కో దాకా పోవచ్చు. శుక్ర, శనివారాలు ఆడి సోమవారం క్లాసుకు రావాలి.

పెద్దమనిషిగా ఏడుగురి వాదన నేను తోసిపుచ్చలేను. ఖర్చు నిజం, అలసట నిజం. 2011లో మోతుబరులు చెప్పిన కారణాలూ ఇలాగే నిజం. అప్పుడు ఆ నిజం విని రాత్రిళ్ళు నిద్రపోనివాళ్ళే ఎనిమిదేళ్ళకు అదే కాగితం మీద సంతకం పెట్టారు. అత్త చేతిలో దెబ్బలు తిన్న కోడలు అత్తయ్యాక ఏం చేస్తుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కొత్త ఇంటికి ఏం పేరు పెట్టారో తెలుసా? సీసీహెచ్‌ఏ. 2013లో పోయిన పక్కింటి పెద్దాయన పేరే. 2021లో ఆ పేరుతో గృహప్రవేశం. పోతూపోతూ మెక్‌నాటన్ కప్పు కూడా పట్టుకెళ్ళారు. 1913 నాటి వెండి కప్పు, దాదాపు మూడడుగుల ఎత్తు. పాత ఇంట్లో ఏటా లీగ్ గెలిచినవాడికి ఇచ్చేది. చట్టప్రకారం అది ఆ ఏడుగురిలో ఒకరైన మిషిగన్ టెక్ కాలేజీ సొత్తు, కాబట్టి దొంగతనం అనడానికి వీల్లేదు. మా అమ్మమ్మ కాఫీ ఫిల్టరు కూడా చట్టప్రకారం మా పెద్దత్తయ్యదే.

ఆ ముగ్గురి సంగతి. హంట్స్‌విల్‌కు డివిజన్ టూ, అంటే రెండో అంచె, స్థాయిలో 1996, 1998 జాతీయ టైటిళ్ళున్నాయి. రాకెట్లు తయారయ్యే ఊరు, తనను తాను దక్షిణాది హాకీ రాజధాని అని పిలుచుకునేది. 2009లో పాత సీసీహెచ్‌ఏ గుమ్మం తడితే తీయలేదు. 2020 మేలో జట్టు రద్దన్నారు. అభిమానులు వారం రోజుల్లోనే ఐదు లక్షల డాలర్లకు పైగా చందాలు పోగేసి బతికించారు. ఏడాది తిరిగింది. డబ్బుంది, ఆటగాళ్ళున్నారు, చేర్చుకునే కాన్ఫరెన్స్ లేదు. 2021 మేలో ఆట ఆగిపోయింది. యాంకరేజ్‌కు ముప్పై లక్షల డాలర్లు తెస్తేనే జట్టు అన్నారు. తెచ్చారు, 2022లో మళ్ళీ మంచు మీదికి వచ్చారు, కాన్ఫరెన్స్ లేకుండానే. ఫెయిర్‌బ్యాంక్స్ ఒంటరిగా ఆడుతూ 2022-23లో 22 ఆటలు గెలిచింది, అయినా జాతీయ పోటీలో చోటు వెంట్రుకవాసిలో తప్పిపోయింది. రేషన్ కార్డు లేదు కదా.

అన్నట్టు, పాత డబ్ల్యూసీహెచ్‌ఏ చచ్చిపోయిందనుకునేరు. పురుషుల విభాగం మాత్రమే పోయింది. మహిళల విభాగం అదే పేరుతో, ఎనిమిది జట్లతో హాయిగా నడుస్తోంది. అక్కడ మోతుబరి మిన్నెసోటా, చిన్న బెమిడ్జీ స్టేట్ ఇప్పటికీ ఒకే పంక్తిలో కూర్చుంటున్నాయి. 2021 నుంచి 2025 దాకా ఐదు జాతీయ టైటిళ్ళూ ఆ ఇంటికే వచ్చాయి. ఇల్లు ముక్కలు చేసిందెవరో విచారణలో తేలింది కనుక, ఇకమీదట మన సీరియల్ రచయితలు కోడళ్ళ జోలికి పోరని ఆశిస్తున్నాను.

ఇప్పుడు జనం సంగతి. చిన్న కాలేజీల గురించి సమావేశాల్లో చివరికి తేల్చే మాట ఒకటే: ప్రేక్షకులు రావడం లేదు. ఇది తీవ్రమైన అభియోగం కాబట్టి లెక్క తీశాను. మిషిగన్ రాష్ట్రం కొసన సూ సెయింట్ మేరీ అనే ఊరుంది. జనాభా 13,000 చిల్లర. అక్కడి లేక్ సుపీరియర్ స్టేట్ రింకులో 4,000 మంది పడతారు. అంటే ఊళ్ళో ముగ్గురిలో ఒకరు వస్తే గాని నిండదు. ఆ లెక్కన హైదరాబాద్‌లో 30 లక్షల సీట్ల స్టేడియం కట్టి, అది నిండలేదని నగరాన్ని తిట్టాలి. ఈ కాలేజీ 1988, 1992, 1994లో మూడుసార్లు జాతీయ చాంపియన్.

అదే పెద్దవాళ్ళకు జనం కొరతే లేదు, సొంత ఊళ్ళో ఆడినంతసేపు. బిగ్ టెన్ తన హాకీ టోర్నమెంటును 2014 నుంచి నాలుగేళ్ళు సెయింట్ పాల్‌లో, డెట్రాయిట్‌లో ప్రొఫెషనల్ జట్ల స్టేడియాల్లో ఘనంగా జరిపింది. ఒక్కోదానిలో పద్దెనిమిది, ఇరవై వేల కుర్చీలు. వాటిలో ఎక్కువ భాగం కుర్చీలుగానే మిగిలాయి. 2018 నుంచి కాలేజీ రింకులకే తెచ్చుకున్నారు. ఆ నాలుగేళ్ళలో మన రాజకీయ సభలకు జనాన్ని తోలే మేస్త్రీ ఒక్కణ్ణి పిలిచుంటే, మనిషికో బిర్యానీ పొట్లం లెక్కన రెండు రోజుల్లో నింపేవాడు. అంత పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఈ కోర్సు లేకపోవడం లోటే.

జనం విషయంలో నార్త్ డకోటా వేరే జాతి. గ్రాండ్ ఫోర్క్స్ జనాభా అరవై వేలకు కాస్త తక్కువ, స్టేడియంలో 11,000 పైచిలుకు సీట్లు, తోలు కుర్చీలు, గ్రానైట్ నేల, 2001లో పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చు. కట్టించిన రాల్ఫ్ ఎంగెల్‌స్టాడ్, జట్టు పాత పేరు మారిస్తే నిర్మాణం మధ్యలో ఆపేస్తానని బెదిరిస్తూ ఉత్తరం రాశాడు. పేరు ఉంచారు, స్టేడియం వచ్చింది, ఆయన పోయాక పేరు పోయింది. నిండుతుందా అంటే నిండుతుంది. పొద్దున్నే మైనస్ ఇరవై ఉండే ఊళ్ళో వెచ్చని తోలు కుర్చీ కనబడితే నేనైనా కూర్చుంటాను.

మా అక్క కొడుకు హౌటన్‌లో, మిషిగన్ టెక్‌లో ఎం.ఎస్. చేశాడు. మన పిల్లలు చాలామందే వెళ్తారు అక్కడికి. ఏడాదికి 200 అంగుళాల పైన మంచు పడే ఊరు. 1904లో మొదలైన మొట్టమొదటి ప్రొఫెషనల్ హాకీ లీగ్‌కు ఆ ఊరే కేంద్రం. మొదటి ఏడాది ఫోన్ చేస్తే మంచు గురించే చెప్పేవాడు. రెండో ఏడాదికి "మామయ్యా, శుక్రవారం రాత్రి ఇక్కడ రెండే పనులు. మంచు తవ్వుకోవడం, హాకీకి పోవడం. తవ్వింది మళ్ళీ నిండుతుంది, అందుకని హాకీకి పోతున్నాం" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఫ్రిజ్‌లో తప్ప ఐసు చూడని కుర్రాడు, గాజు గోడ మీద అరచేతులతో బాదుతూ అరుస్తున్న వీడియో పంపాడు. ఎవరు గెలిచార్రా అంటే తెలీదన్నాడు. ఇలాంటి ప్రేక్షకులు ఏ కాన్ఫరెన్స్ బ్యాలెన్స్ షీట్లోనూ కనబడరు.

పంపకాలు అయిపోయాయా అంటే, లేదు. సెయింట్ థామస్ అని ఒక కాలేజీ ఉంది. మరీ ఎక్కువ గెలుస్తోందని 2019లో డివిజన్ త్రీ కాన్ఫరెన్స్ దాన్ని వెళ్ళగొట్టింది. ఆ ఏడుగురూ కొత్తిల్లు కట్టుకున్నప్పుడు ఎనిమిదో గదిలోకి వచ్చింది ఇదే. ఇప్పుడు కొత్త స్టేడియం కట్టుకుని 2026-27 నుంచి ఎన్‌సీహెచ్‌సీకి పోతున్నామని చెప్పేసింది. సీసీహెచ్‌ఏ వాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయో నేను చూడలేదు. అద్దంలో వాళ్ళకు 2019 నాటి అలాస్కావాళ్ళు కనబడి ఉంటారు.

ఇక తీర్పు. కప్పు ఎక్కడుందో అక్కడే ఉండనివ్వాలి, మోయడం కష్టం. బిగ్ టెన్ తన పేరులోని పదిని ఎవరైనా అవసరమైన వాళ్ళకు దానం చేయాలి. అలాస్కాలో ఆడే ఆటలు సీజన్‌కు 34 అనే పరిమితిలో లెక్కకు రావనే నియమం ఒకటుంది, బయటి జట్లు అంత దూరం వెళ్ళడానికి ఆశ చూపేందుకు పెట్టింది. దాన్ని కదిలించకూడదు. ఆ ఇద్దరికీ ఈ లోకంలో దక్కిన ఆస్తి అదొక్కటే.

మిగిలింది నా ఫీజు. లేక్ సుపీరియర్ స్టేట్ వాళ్ళు 1971 నుంచి ఒంటికొమ్ము గుర్రాన్ని, అంటే యూనికార్న్‌ను, వెతకడానికి లైసెన్సులిస్తున్నారు. నిజంగానే. నాకు డబ్బు వద్దు, అలాంటివి మూడు చాలు. ఒకటి ఫెయిర్‌బ్యాంక్స్‌కు, ఒకటి యాంకరేజ్‌కు పంపుతాను. హంట్స్‌విల్‌ది మా ఇంట్లోనే దాచి ఉంచుతాను. వాళ్ళ రింకు అడ్రసుకు పంపితే తీసుకునేవాళ్ళు లేరు.