బుల్లెట్ పాయింట్ గారికి ఒక ఉత్తరం

గౌరవనీయులైన బుల్లెట్ పాయింట్ గారికి,

ఉభయకుశలోపరి. మీరు క్షేమమేనని తెలుసు, నా నోట్స్ యాప్ నిండా మీరే కదా.

మన పరిచయం ఇప్పటిది కాదు లెండి, ఇంటర్‌లో మా సార్ "పేరాలు ఎవడు చదువుతాడ్రా, పాయింట్ వైజ్ రాయండి, సైడ్ హెడ్డింగ్ కింద గీత కొట్టండి" అన్న రోజే నన్ను మీకు అప్పగించేశారు. మార్కులొచ్చాయి, కాదనను. ఇప్పుడు అడిగితే మాత్రం ఆ హెడ్డింగులే గుర్తున్నాయి, కింద ఏం రాశానో దేవుడికి తెలియాలి.

మీ వంశం చిన్నదేం కాదు. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో కంప్యూటర్ మౌస్ కనిపెట్టిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ తెర మీద ఒక లిస్టుని మడిచి విప్పి చూపించాడు. ఏం లిస్టో గుర్తుందా సార్? కిరాణా సామాన్లు! అక్కడితో ఆగుంటే మీకు దండం పెట్టేవాణ్ని. ఇప్పటికీ పప్పూ ఉప్పూ రాసుకోడానికి మిమ్మల్ని మించినోళ్లు లేరు.

నా బాధ వేరే. పోయిన నెల మా అమ్మమ్మ గురించి నాలుగు పేజీలు రాద్దామని కూర్చున్నా. ఈ యాప్‌లో ఖాళీ పేజీ అనేదే ఉండదు, తెరిచేసరికి మీరు ముందే వచ్చి కూర్చునుంటారు. "అమ్మమ్మ" అని కొట్టా. ఎంటర్, ట్యాబ్. "పొద్దున". ఎంటర్, ట్యాబ్. "పొయ్యి, తిట్లు, కాఫీ". మూడు గంటల్లో 47 పాయింట్లు, 6 లెవెల్స్ లోపలికి, పక్కనున్న బాణం నొక్కితే అమ్మమ్మ మొత్తం ఒక్క లైన్లోకి ముడుచుకుపోతోంది, అబ్బ ఎంత నీట్‌గా ఉందో అని మురిసిపోయి పడుకున్నా. తెల్లారి చూస్తే ఒక్క వాక్యం లేదు. ఒక్క క్రియ లేదండీ!

"చీకట్నే లేచి, పొయ్యి రాజేసి, ఇంకా లేవలేదా అని అందర్నీ పేరుపేరునా తిట్టి, ఆ తిట్టిన నోటితోనే ఊది చల్లార్చి కాఫీ ఇచ్చేది." ఇందులో ఎవర్ని పీకి ఏ బుల్లెట్ కింద పెట్టమంటారు? తిట్లు కాఫీ పక్కనా, కాఫీ కిందా? దీని మీదే 40 నిమిషాలు పోయాయి నాకు, షిఫ్ట్ ట్యాబ్ కొట్టి బయటికి లాగడం, మళ్లీ లోపలికి తోయడం. ఆ "తిట్టి" చివర ఉన్న బుల్లి గుడి చేసే పని మీ 6 లెవెల్సూ కలిసి చేయలేకపోయాయి.

"అది ప్లానే కదా, తర్వాత రాసుకో" అంటారు మీ భక్తులు. తర్వాత ఎక్కడిది, పాయింట్లు అయ్యేసరికే రాసేసిన తృప్తి వచ్చేస్తుంది, మేస్త్రీ ఇచ్చిన ఎస్టిమేట్ కాగితం చూసుకుని గృహప్రవేశం కార్డులు పంచినట్టు.

సరే మామూలు డాక్యుమెంట్‌లోకి పోదామని ఎక్స్‌పోర్ట్ కొడితే ప్రతి లైన్ ముందూ ఒక గీత. బియ్యంలో రాళ్లేరినట్టు ఒక్కోటీ ఏరుకున్నా.

ఇంతా తిట్టి ఈ ఉత్తరం కూడా మీ ఇంట్లోనే రాస్తున్నా, అలవాటు చావదు కదా. మొత్తం ఒకే బుల్లెట్ కింద, ఉత్త ఎంటర్ తగిలితే కొత్త బుల్లెట్ పుట్టేస్తుందని షిఫ్ట్ ఎంటర్ కొట్టుకుంటూ. ఇప్పుడే ఆ బాణం మీద వేలు పడింది, ఉత్తరమంతా ముడుచుకుపోయి "గౌరవనీయులైన" లైన్ ఒక్కటే మిగిలింది.