పైరోమెట్రిక్ కోనుగారికి బహిరంగ లేఖ

కిల్నులో, అంటే పాత్రలు కాల్చే కొలిమిలో నిలబడి, కాల్పు సరిపోగానే వంగి చూపించే చిన్న మట్టి శంకువైన ఆరో నంబరు కోనుగారికి, మట్టిపాత్రలు చేసుకుని బతికే ఒక బాధితుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా:

కిల్ను వేడిని నడిపే కంట్రోలరు తెర మీద ఎర్రటి అంకెలు కళ్లెదుట వెలుగుతుండగా, వేలెడంత లేని మీ మాట వినవలసిన అవసరమేమిటని నేను చాలాకాలం అనుకున్నాను. మొన్న కిల్ను 1222 డిగ్రీలకు చేరాక, ఎందుకైనా మంచిదని మరో గంటసేపు అదే వేడిని నిలిపి ఉంచాను. చల్లారాక తలుపు తీస్తే మీరు సాష్టాంగపడి ఉన్నారు. హద్దు దాటితే చెప్పడానికి మీ పక్కన కాపలా పెట్టిన ఏడో నంబరువారు సైతం నడుము వంచి ముక్కు పీటకు ఆనించారు. పన్నెండు కప్పుల గ్లేజు, అంటే గాజులాంటి పూత, కిందికి జారి షెల్ఫుకు అతుక్కుంది. ఉలితో కొడితే అడుగులు షెల్ఫు దగ్గరే ఉండిపోయి, మిగతా కప్పులు నా చేతికి వచ్చాయి.

కంట్రోలరు కావాలని అబద్ధమాడలేదు. వేడిని కొలిచి దానికి చెప్పే థర్మోకపుల్ పాతబడి, తానున్న చోటి వేడిని కాస్త తగ్గించి చెప్పింది, అంతే. మీరేమో డిగ్రీలు లెక్కపెట్టరు. ఎంత వేడి, ఎంతసేపు అన్న రెండూ కలిసి మట్టి మీద చేసిన పనిని మీ ఒంటి మీద చూపిస్తారు. గంటకు 60 డిగ్రీల చొప్పున ఎక్కిస్తే 1222 దగ్గర తలవంచే మీరే, 150 చొప్పున తొందరపెడితే మరో ఇరవై డిగ్రీలు అడుగుతారు.

మీ వంశంలో నంబర్ల సంగతి వేరే చెప్పాలి. 1886లో బెర్లిన్‌లో హెర్మన్ జేగర్ మీ పూర్వీకులను ఒకటి నుంచి మొదలుపెట్టారు. తర్వాత అంతకన్నా తక్కువ వేడికి కోనులు అవసరమై, అంకెలు లేక ముందు సున్నా తగిలించారు. ఆ సున్నా అలంకారమనుకుని, 6కు కాల్చవలసిన గ్లేజును సుమారు 1000 డిగ్రీల 06కు కాల్చిన నాకు సుద్దపొడి పూసిన గిన్నెలు దక్కాయి.

పైగా, వంగినవారు మర్నాటికే నిటారుగా నిలబడే ఈ రోజుల్లో మీరు ఒకసారి వంగితే మళ్లీ లేవరు. ప్రతి కాల్పుకూ కొత్తవారిని కొనాలి.

ఆదివారం మళ్లీ కాల్పు ఉంది. థర్మోకపుల్ మార్చాను. ఐదు, ఆరు, ఏడు నంబర్లకు బంకమన్ను పీట చేసి ఎండలో పెట్టాను, ఎందుకంటే తడి పీట కిల్నులో పేలితే ముక్కలు ఎక్కడెక్కడ పడతాయో ఇదివరకే చూశాను. వెల్డింగు అద్దాలు పెట్టుకుని, కిల్ను లోపలికి చూసే కన్నం దగ్గరే కూర్చుంటాను. నారింజ వెలుగులో నారింజ రంగు తిరిగిన తమరు నాకు సరిగా ఆనరు కనుక, వంగేముందు కాస్త సైగ చేయగలరని మనవి.

ఇట్లు,
అడుగులేని పన్నెండు కప్పుల యజమాని