జబ్బ నొప్పి జబ్బు కాదు

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో లక్షల మంది వానలో తడుస్తూ, ఒకరినొకరు రాసుకుంటూ 32 కిలోమీటర్లు నడుస్తారు. మన దేశంలో చాలాచోట్ల ఫ్లూ ఎక్కువగా చెలరేగేదీ వానాకాలంలోనే. అయినా విశాఖలో ఫ్లూ టీకా మాటెత్తితే చదువుకున్నవారు సైతం వెనకాడతారు. టీకా వేయించుకుంటే ఫ్లూ వస్తుందట!

రాదు. సూదితో ఇచ్చే ఈ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. పిండం ఎదుగుతున్న కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి, ఫార్మాల్డిహైడ్ వంటి రసాయనంతో చంపి, డిటర్జెంటుతో ముక్కలు చేసి శుద్ధి చేస్తారు. మిగిలే సరుకులో అసలైనది హీమాగ్లూటినిన్ అనే ప్రోటీన్. వైరస్ మన గొంతు కణాలను పట్టుకునే కొక్కెం అదే. మామూలు మోతాదులో ఒక్కో రకం వైరస్‌కు 15 మైక్రోగ్రాములు ఉంటుంది. కొక్కెం ఉంది, దొంగ లేడు.

జబ్బలో దిగిన ఆ ముక్కలను కాపలా కణాలు చంకలోని గ్రంథులకు మోసుకుపోతాయి. వాటికి సరిగ్గా అతుక్కునే బి కణాలనే తెల్ల రక్తకణాలు, సహాయక టి కణాలనే మరో రకం తెల్ల రక్తకణాల ప్రోద్బలంతో వేలకు వేలుగా పెరిగి, వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలనే ప్రోటీన్లను తయారుచేస్తాయి. ఇందుకు సుమారు రెండు వారాలు పడుతుంది. తర్వాత నిజమైన వైరస్ వస్తే యాంటీబాడీలు దాని కొక్కేలను కప్పేస్తాయి. ఒకటి రెండు రోజుల జబ్బ నొప్పి, నలత ఈ కసరత్తు ఫలితమే. ఆ రెండు వారాల్లోపే ఫ్లూ సోకినా, వేరే వైరస్ వల్ల జలుబు చేసినా నింద మాత్రం టీకాకే!

టీకా వజ్రకవచమని మేమూ అనం. టీకాలోని రకం ఆ ఏడు తిరిగే వైరస్‌తో బాగా కుదిరినప్పుడు కూడా డాక్టరు దాకా వెళ్లాల్సిన ఫ్లూను తప్పించేది 40 నుంచి 60 శాతమే. వైరస్ వేషం మారుస్తుంది, యాంటీబాడీలూ తగ్గిపోతాయి. అందుకే ఏటా కొత్త టీకా. అయితే ముసలివారు, గర్భిణులు, ఉబ్బసం, మధుమేహం ఉన్నవారు ఆసుపత్రి పాలు కాకుండా ఉండటానికి ఆ మేరకు రక్షణ కూడా చిన్నదేమీ కాదు.

జాతీయ టీకాల కార్యక్రమంలో దీనికి చోటు లేదు కనుక ఖర్చంతా జేబు మీదే. వానలు మొదలవకముందే కనీసం ముసలివారు, గర్భిణులు, ఉబ్బసం, మధుమేహం ఉన్నవారికైనా పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా వేయాలి. శీతల నిల్వ సంగతీ చూడాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందును షాపులో కొని, ఉత్త కవరులో వేసుకుని, మే నెల ఎండలో బస్సెక్కి క్లినిక్‌కు తీసుకెళ్లేవారు నగరంలో ఇంకా కనిపిస్తున్నారు.