చాణక్యుడు పెట్టని షరతులు: సెల్యూకస్ మెసేజ్‌కి జవాబు

‘చరిత్ర పుస్తకాలు దాచిన నిజం’ అని మొదలయ్యే మెసేజ్ ఒకటి మళ్లీ తిరుగుతోంది. స్కూల్ ఫ్రెండ్స్ గ్రూపులో వచ్చింది, బంధువుల గ్రూపులో వచ్చింది, చివరికి అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా వచ్చింది. పంపినవాళ్లలో నేను గౌరవించే పెద్దలున్నారు, బాగా చదువుకున్న స్నేహితులున్నారు. ఇదంతా ఎక్కడ రాసి ఉందని ఒక్కరు కూడా అడగలేదు.

చూడనివాళ్ల కోసం సంగతేమిటో చెబుతాను. అలెగ్జాండర్ చనిపోయాక పశ్చిమ ఆసియాను ఏలిన గ్రీకు రాజు సెల్యూకస్, మన చంద్రగుప్త మౌర్యుడి గురించి అది. సెల్యూకస్ అనేవాడు అలెగ్జాండర్ దగ్గర గుర్రాలు కాసిన పిరికివాడట. చంద్రగుప్తుడు 6 లక్షల సైన్యంతో వెళ్లి అతన్ని బంధిస్తే, ప్రాణభిక్ష పెట్టమని వేడుకుని కూతురు హెలెనాను ఇచ్చాడట. పెళ్లికి ముందు చాణక్యుడు ఆ అమ్మాయిని పిలిచి షరతులు పెట్టాడట. నువ్వు పరాయి దేశపుదానివి, రాజ్యం సంగతుల్లో తలదూర్చకూడదు, నీకు పుట్టే పిల్లలకు సింహాసనం మీద హక్కు ఉండదు అన్నాడట. తర్వాత జాలిపడి 500 ముసలి ఏనుగులను భిక్షగా పడేస్తే, ఆ అవమానంతోనే సెల్యూకస్ కుంగిపోయి చచ్చిపోయాడట. ఇదంతా మన పిల్లలకు తెలియకుండా దాచేశారట.

గుర్రాలు కాసినవాడు అన్న మాటతో ఎక్కువ పని లేదు. పోరస్‌తో అలెగ్జాండర్ చేసిన జీలం యుద్ధం నాటికి సెల్యూకస్ రాజుగారి సొంత కాల్బలానికి సేనాని. ఆ రాత్రి అలెగ్జాండర్ ఎక్కిన పడవలోనే అతనూ నది దాటాడని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు అరియన్ రాశాడు.

పిరికివాడు అన్నదానికి ఒక్క ఆధారం దొరుకుతుంది, అది మెసేజ్ రాసినవాళ్లకు తెలియదు కాబట్టి నేనే ఇస్తున్నాను. క్రీ.పూ. 316 ప్రాంతంలో అలెగ్జాండర్ మరో సేనాని యాంటిగోనస్‌కు భయపడి బాబిలోన్ వదిలేసి, 50 మంది రౌతులతో ఈజిప్టుకు పారిపోయాడు. కానీ క్రీ.పూ. 312లో 800 మంది కాల్బలం, 200 మంది రౌతులతో మళ్లీ బయల్దేరి అదే బాబిలోన్‌ను తీసుకున్నాడు. చేతిలో వెయ్యి మంది ఉండగా, ఆసియా అంతా గుప్పిట్లో పెట్టుకున్న యాంటిగోనస్ మీదికి వెళ్లాడు. ఆ తిరిగిరావడాన్నే మొదలుగా పెట్టుకుని లెక్కపెట్టిన శకం, రాజులు మారినా ఆగకుండా వందల ఏళ్లు నడిచింది.

కుంగి చచ్చిపోవడం అంతకన్నా పెద్ద అబద్ధం. చంద్రగుప్తుడితో ఒప్పందం జరిగాక సెల్యూకస్ 20 ఏళ్లకు పైగా బతికాడు. ఆ ఏళ్లలోనే అంతియోక్ నగరం కట్టించాడు, యాంటిగోనస్ కొడుకు డెమెట్రియస్‌ను బందీగా పట్టుకున్నాడు. క్రీ.పూ. 281లో, 75 దాటిన వయసులో, కొరుపీడియం దగ్గర మరో సేనాని లైసిమాకస్‌ను ఓడించాడు. అలెగ్జాండర్ సేనానుల్లో చివరికి మిగిలింది అతనొక్కడే. కొద్ది నెలలకే, తాను ఆశ్రయం ఇచ్చిన టాలెమీ కెరౌనస్ చేతిలో కత్తిపోటుకు చనిపోయాడు.

ఏనుగుల విషయంలో నాకు కోపం వచ్చేది సెల్యూకస్ కోసం కాదు, చంద్రగుప్తుడి కోసం. 500 ఏనుగులు ఇచ్చాడని ప్రాచీన గ్రీకు రచయితలు స్ట్రాబో, ప్లూటార్క్ ఇద్దరూ రాశారు. అవి ముసలివని ఎవరు చెప్పారు? క్రీ.పూ. 301లో ఇప్పటి టర్కీలో ఉన్న ఫ్రిజియాలోని ఇప్సస్ దగ్గర యాంటిగోనస్‌తో జరిగిన యుద్ధాన్ని నిర్ణయించింది ఆ ఏనుగులే. డెమెట్రియస్ తన అశ్వికదళంతో శత్రువులను తరుముకుంటూ చాలా దూరం వెళ్లిపోయాడు. వెనక్కి వద్దామంటే మధ్యలో ఏనుగుల వరుస అడ్డం నిలిచింది. గుర్రాలు ముందుకు కదల్లేదు. అవతల 81 ఏళ్ల తండ్రి యాంటిగోనస్, కొడుకు వస్తాడని చూస్తూ ఈటెల దెబ్బలకు పడిపోయాడు. మధ్యధరా తీరంలో ఎవరు రాజ్యం చేయాలన్నది తేల్చింది గంగా మైదానం నుంచి నడిచి వెళ్లిన ఏనుగులు! డెమెట్రియస్ కొలువులోని వాళ్లు సెల్యూకస్‌ను రాజు అనడానికి ఇష్టపడక ‘ఏనుగుల అధికారి’ అని వెక్కిరించేవారట. సెల్యూకస్ మాత్రం తన నాణేల మీద ఏనుగులు లాగే రథాన్ని ముద్రించుకున్నాడు. గర్వపడటానికి ఇంత ఉంటే, మన రాజు పనికిరాని ముసలి జంతువులను వదిలించుకున్నాడని రాసి పంచుకుంటున్నాం.

ఇక యుద్ధం. ఇక్కడ నేను మెసేజ్ పక్షాన ఒక మాట చెప్పాలి. చంద్రగుప్తుడిదే పైచేయి అన్నది నిజమనే నా నమ్మకం. సెల్యూకస్ సింధు నది దాటాడు, చంద్రగుప్తుడితో పోరాడాడు, తర్వాత సంధి, వియ్యం కుదిరాయి. మరో గ్రీకు చరిత్రకారుడు అప్పియన్ ఇంతే చెప్పి ముందుకు వెళ్లిపోయాడు. సెల్యూకస్‌ది గెలుపే అయితే ఇంత పొడిగా దాటేసేవారు కాదు. పైగా గెలిచినవాడు కాందహార్, కాబూల్ వైపు నేలను వదులుకోడు. 1958లో కాందహార్‌లో బయటపడిన అశోకుడి శాసనం గ్రీకు, అరమాయిక్ భాషల్లో ఉంది. ఆ నేల మౌర్యుల చేతిలోకి వచ్చిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఇదంతా సమానుల మధ్య మర్యాదపూర్వకమైన మార్పిడి అని సర్దిచెప్పే పాశ్చాత్య పండితుల వాదన నాకు ఎప్పుడూ రుచించలేదు. కానీ బంధించడం, ప్రాణభిక్ష ఎక్కడా లేవు. 6 లక్షల సైన్యం ప్లూటార్క్‌లో ఉంది. చంద్రగుప్తుడు భారతదేశమంతా జయించిన సైన్యం అది అంటాడు ఆయన. దాన్ని పట్టుకొచ్చి సెల్యూకస్ మీదికి తోలారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ షరతుల కోసమే ఈ మెసేజ్ పుట్టింది. మిగతాదంతా దానికి అలంకారం.

వియ్యం కుదిరిందని స్ట్రాబో, అప్పియన్ చెప్పారు. ఎవరి కూతురు, ఎవరికి, పేరేమిటి అన్నవి ఇద్దరూ చెప్పలేదు. హెలెనా అన్న పేరు ఏ ప్రాచీన గ్రంథంలోనూ లేదు. ఆ పేరును ఊరూరా తిప్పింది ఆధునిక నాటకాలు, తర్వాత టీవీ సీరియళ్లు. పేరే లేని అమ్మాయికి చాణక్యుడు షరతులు పెట్టాడంటే, ఆయన మాట్లాడుతున్నప్పుడు పక్కన కూర్చుని రాసుకున్నదెవరు? అర్థశాస్త్రం తిరగేయండి. సెల్యూకస్ పేరు లేదు, చంద్రగుప్తుడి పేరు కూడా లేదు. సంస్కృత నాటకం ముద్రారాక్షసంలో కథంతా రాక్షసమంత్రిని ఎలా తనవైపు తిప్పుకోవాలన్న చాణక్యుడి ఎత్తుల చుట్టూ తిరుగుతుంది. యవన వధువు, అంటే గ్రీకు పెళ్లికూతురు, ఊసే రాదు. జైనుల కథల్లో చంద్రగుప్తుడి కొడుకు బిందుసారుడి తల్లి దుర్ధర. చాణక్యుడి గురించి మనకున్నవాటిలో ముఖ్యమైనవి ఇవి. వీటిలో దేనిలో ఉన్నాయి ఆ షరతులు? చెప్పండి, నేను వెళ్లి చదువుతాను.

చెప్పలేరు. ఎందుకంటే అది చాణక్యుడి మాట కాదు, ఈ కాలంలో ఎవరో కూర్చుని అల్లిన మాట. పరాయి చోటు నుంచి వచ్చిన ఆడమనిషిని నమ్మకూడదు, ఆమె కడుపున పుట్టిన బిడ్డ మనవాడు కాడు అని చెప్పడానికి ఒక పెద్దమనిషి పేరు కావలసి వచ్చింది. దీన్ని రాజకీయ నాయకులను తిట్టడానికి వాడుకుంటారని నాకు తెలుసు, అది ఏ పార్టీ అన్నది నాకు అనవసరం. నా బాధ వేరే. ఈ మెసేజ్ వచ్చిన గ్రూపుల్లోనే ఒడిశా నుంచి, పంజాబ్ నుంచి కోడళ్లు వచ్చిన ఇళ్లున్నాయి. డాలస్‌లో, మెల్‌బోర్న్‌లో అక్కడివాళ్లనే చేసుకున్న మన పిల్లలున్నారు. తెలుగు నేర్చుకుని మరీ ఆ గ్రూపులో పండగ శుభాకాంక్షలు పెట్టే అమ్మాయిలున్నారు. వాళ్ల కళ్ల ముందు ‘చాణక్యుడు ఎంత ముందుచూపు ఉన్నవాడో’ అని చేతులు జోడించే బొమ్మలు పెడుతున్నారు. ఒక్క క్షణం ఆలోచించారా?

సెల్యూకస్ సొంత ఇంట్లో ఏం జరిగిందో కూడా వినండి. క్రీ.పూ. 324లో సూసాలో అలెగ్జాండర్ తన ముఖ్యులకు పర్షియా, మధ్య ఆసియా కుటుంబాల అమ్మాయిలతో ఒకేసారి పెళ్లిళ్లు చేయించాడు. సెల్యూకస్‌కు దక్కింది అపామా. అలెగ్జాండర్‌ను ముప్పుతిప్పలు పెట్టిన, మధ్య ఆసియాలోని సోగ్డియా యోధుడు స్పితామెనీస్ కూతురు ఆమె, అంటే శత్రువు బిడ్డ. అలెగ్జాండర్ పోగానే చాలామంది ఆ భార్యలను వదిలేశారు. సెల్యూకస్ వదల్లేదు. సెల్యూకస్ సేనలో పనిచేసిన, గ్రీకు నగరం మిలెటస్ సైనికులను ఆదరించినందుకు ఆ నగరం వాళ్లు ఆమెను గౌరవిస్తూ శాసనం వేశారు. సెల్యూకస్ సామ్రాజ్యంలో కొన్ని నగరాలకు ఆమె పేరు పెట్టారు. చంద్రగుప్తుడి ఏనుగులను ఉంచింది కూడా సిరియాలోని అపామియా నగరంలోనే. ఆ పరాయి తల్లి కన్న కొడుకే మొదటి అంతియోకస్. తండ్రి తర్వాత సింహాసనం ఎక్కింది అతనే. ఆ వంశం రెండు వందల ఏళ్లకు పైగా నిలిచింది. పరాయి భార్య బిడ్డ రాజైతే ఏమవుతుందో తెలుసుకోవాలన్న ఆసక్తి నిజంగా ఉంటే, జవాబు అక్కడ ఉంది. ఆ అంతియోకస్‌కే మన బిందుసారుడు తీపి ద్రాక్షసారా, ఎండు అంజీర, ఒక తత్వవేత్త కావాలని కబురు పంపాడు. మొదటి రెండూ పంపుతాను, తత్వవేత్తను అమ్మడం మా చట్టానికి విరుద్ధం అని జవాబు వచ్చింది. పగతో రగిలిపోతున్న ఇళ్ల మధ్య ఇలాంటి ఉత్తరాలు నడుస్తాయా?

చివరిది, దాచేశారన్న ఆరోపణ. గ్రూప్స్ పరీక్షలకు చదివినవాళ్లెవరినైనా అడగండి, ఆంధ్రులకు 30 కోట నగరాలు, లక్ష కాల్బలం, 2 వేల అశ్వికదళం, వెయ్యి ఏనుగులు అని నిద్రలో లేపినా చెబుతారు. రోమన్ రచయిత ప్లినీ రాసిన ఆ లెక్క మెగస్తనీస్‌దేనని పండితులు భావిస్తారు. ఆ మెగస్తనీస్‌ను చంద్రగుప్తుడి రాజధాని పాటలీపుత్రానికి రాయబారిగా పంపింది ఈ సెల్యూకసే. ఇంకా సందేహం ఉన్నవాళ్లు గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి దగ్గర ఆగండి. అశోకుడి శాసనాల్లో అక్కడి బండల మీద యవన రాజు ‘అంతియోక’ పేరు ఉంది. ఆ అంతియోక సెల్యూకస్ మనవడని ఎక్కువమంది చరిత్రకారులు చెబుతారు. అతని రాజ్యంలో కూడా మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని చంద్రగుప్తుడి మనవడు చెక్కించిన మాటలవి. రోడ్డు పక్కనే ఉన్నాయి, ఎవరైనా వెళ్లి చూడొచ్చు.