పిరమిడ్ బొమ్మ చూసి తీర్పులివ్వకండి

వైద్య పరిశోధనల మీద ఒక పిరమిడ్ బొమ్మ తెగ ఫార్వర్డ్ అవుతోంది. పైకెళ్లేకొద్దీ రుజువు బలమైనదని దాని అర్థం. అడుగున కేస్ రిపోర్టులు (ఒకరిద్దరు రోగుల గురించి డాక్టర్లు రాసేవి), మధ్యలో ట్రయల్స్ (ఎవరికి చికిత్స ఇవ్వాలో లాటరీ తీసి పోల్చేవి), శిఖరాన మెటా అనాలిసిస్ (చాలా అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కగట్టడం). దాని కింద మూడు మాటలు: ట్రయల్ లేకపోతే రుజువు లేనట్టే, మెటా అనాలిసిస్‌కు తిరుగులేదు, కేస్ రిపోర్టులు చెత్తబుట్టకే.

"ట్రయల్ లేకపోతే రుజువు లేనట్టే." మరి సిగరెట్ సంగతేంటి? లాటరీ తీసి, కొందరిని ఇరవై ఏళ్లు పొగ తాగమని ఎవరూ చెప్పలేరు కదా. 1950లో బ్రిటిష్ పరిశోధకులు డాల్, హిల్ ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులనూ, ఇతర రోగులనూ పాత అలవాట్ల గురించి అడిగి పోల్చారు. అయితే జబ్బు పడ్డాక గుర్తుచేసుకునేదాన్ని పూర్తిగా నమ్మలేం. అందుకే 1951లో బ్రిటిష్ డాక్టర్ల అలవాట్లను ముందే రాయించుకుని, ఆ తర్వాత ఎవరు దేనితో చనిపోతున్నారో ఏళ్ల తరబడి గమనించారు. జవాబిచ్చినవాళ్లు దాదాపు 40 వేల మంది. ఎంత ఎక్కువ తాగితే అంత ముప్పు, మానేస్తే తగ్గుదల. తమాషా ఏంటంటే, క్షయకు స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందని 1948లో చూపిన ప్రసిద్ధ ట్రయల్‌కు రూపకల్పన చేసింది కూడా ఈ హిల్లే. ఏ ప్రశ్నకు ఏ పద్ధతి వాడాలో ఆయనకు తెలుసు.

"మెటా అనాలిసిస్‌కు తిరుగులేదు." ఉంది. గుండెపోటు రోగులకు మెగ్నీషియం ఎక్కిస్తే మరణాలు తగ్గుతాయని చిన్న ట్రయల్స్‌ను కలిపి లెక్కగట్టినప్పుడు తేలింది. 1995లో 58 వేల మందితో చేసిన ఐసిస్-4 అనే పెద్ద ట్రయల్ ఫలితాలొచ్చాయి. ప్రయోజనం కనబడలేదు. కలిపినవాటిలోనే లోపముంటే మొత్తంలోనూ ఉంటుంది.

"కేస్ రిపోర్టులు చెత్తబుట్టకే." థాలిడోమైడ్ అనే మందు ముప్పును 1961లో పసిగట్టింది జర్మనీలో లెంజ్, ఆస్ట్రేలియాలో మెక్‌బ్రైడ్ అనే డాక్టర్లు. కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టిన బిడ్డలను చూసి, తల్లులు వాడిన మందును అనుమానించారు. ఆ ఏడాదిలోనే జర్మనీలో దాని అమ్మకం ఆగింది.

అలాగని బొమ్మంతా అబద్ధం కాదు. మెనోపాజ్ తర్వాత హార్మోన్లు వాడితే గుండెకు మేలని పరిశీలనా అధ్యయనాలు (లాటరీ లేకుండా, ఎవరేం వాడుతున్నారో, ఏమవుతోందో గమనించేవి) చెబుతుండేవి. 2002లో 16 వేలమందికి పైగా మహిళలతో సాగుతున్న అమెరికా ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవాళ్లలో గుండెజబ్బులు తగ్గకపోగా పెరిగాయి.

ఆధారం ఎంత నమ్మదగినదో తూచడానికి ఇప్పుడు చాలామంది వాడే గ్రేడ్ పద్ధతిలో, అధ్యయనం ఏ రకమన్నది ఆరంభం మాత్రమే. ట్రయల్స్ ఆధారం పై మెట్టు నుంచి మొదలవుతుంది, లోపాలుంటే దిగుతుంది. పరిశీలనా అధ్యయనాలది కింది మెట్టు నుంచి మొదలై, ప్రభావం చాలా పెద్దదైతే పైకెక్కుతుంది.