జావాకు టెలికాం పెట్టే అర సెకను పరీక్ష

ప్రీపెయిడ్ సిమ్ నుంచి నంబరు నొక్కగానే అవతలి ఫోన్ మోగదు. 2జీ, 3జీ నెట్‌వర్కుల్లో స్విచ్ (కాల్స్‌ను కలిపే యంత్రం) ఆ కాల్‌ను మధ్యలో ఆపి, ఇనీషియల్ డీపీ అనే మెసేజ్‌ను సర్వీస్ కంట్రోల్ పాయింట్‌కు పంపుతుంది. బ్యాలెన్స్ ఉందా, ఎంతసేపు మాట్లాడనివ్వొచ్చు అన్నది తేలేది అక్కడే. గడువులోగా జవాబు రాకపోతే స్విచ్ ఆగదు. కాల్ కట్ చేయాలా, ఛార్జింగ్ లేకుండా వదిలేయాలా అన్నది చందాదారుడి ప్రొఫైల్‌లో ముందే ఉంటుంది, ఆ ప్రకారం చేసేస్తుంది. కట్ చేస్తే కస్టమర్ తిడతాడు, వదిలేస్తే కంపెనీకి డబ్బు పోతుంది. ఇలా కాల్‌ను నడిపించే మెసేజ్‌లనే సిగ్నలింగ్ అంటారు. ఆ అప్లికేషన్లు రాసేవాళ్ల టెన్షన్ అంతా ఈ గడువు గురించే.

ఒకప్పుడు ఏ కంపెనీ స్విచ్ కొంటే సర్వీసులూ దాదాపుగా ఆ కంపెనీ దగ్గరే కొనాల్సి వచ్చేది. ఆ పట్టు వదిలించడానికి 1990ల చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్ జెయిన్ పేరుతో టెలికాంకు జావా ప్రమాణాలు మొదలుపెట్టింది. అలా జావాలో రెండు దారులు పడ్డాయి. 2003లో వచ్చిన సిప్ సర్వ్‌లెట్ (సిప్ అంటే ఇంటర్నెట్ పద్ధతిలో కాల్స్ కలిపే ప్రోటోకాల్) తేలికైనది. వెబ్ సర్వ్‌లెట్ (వెబ్ రిక్వెస్టులకు జవాబిచ్చే జావా కోడ్) రాసినవాళ్లకు వారంలో చేయి తిరుగుతుంది. కానీ అది సిప్ కోసమే పుట్టింది. పాత ఫోన్ నెట్‌వర్కుల సిగ్నలింగ్ అయిన ఎస్ఎస్7లోని మ్యాప్, క్యాప్ ప్రోటోకాల్స్, ఆ తర్వాత వచ్చిన డయామీటర్, వీటన్నిటినీ ఒకే సర్వీసులో కలపాలంటే 2004లో వచ్చిన జెయిన్ స్లీ కావాలి.

మామూలు ఎంటర్‌ప్రైజ్ జావా ఎందుకు సరిపోలేదు? అక్కడ ఒక రిక్వెస్ట్ వస్తుంది, థ్రెడ్ (కోడ్‌ను వరుసగా నడిపే దారం) డేటాబేస్ దాకా వెళ్లి, జవాబు పట్టుకుని వస్తుంది. కాల్ అలా నడవదు. ఒక మెసేజ్ వచ్చాక రెండోది పది మిల్లీసెకన్లలో రావచ్చు, గంటకు రావచ్చు. మధ్యలో ఫోన్ పెట్టేయొచ్చు, టైమర్ అయిపోవచ్చు. స్లీలో ప్రతిదీ ఒక ఈవెంట్. దాన్ని అందుకునే కోడ్ చిన్న పని చేసి వెంటనే తప్పుకోవాలి, ఎక్కడా ఆగి ఎదురుచూడకూడదు. కాల్ ఎక్కడిదాకా వచ్చిందన్నది థ్రెడ్‌లో కాకుండా కంటైనర్ (ఈ కోడ్‌ను నడిపించే స్లీ సర్వర్) కాపాడే ఫీల్డుల్లో ఉంటుంది. ఈవెంట్ మధ్యలో తప్పు జరిగితే సగం మారిన లెక్క వెనక్కి పోతుంది. నేర్చుకోవడానికి కష్టమే. డిజైన్ మాత్రం సరైనదని నా అభిప్రాయం.

జావాను అసలు ఇబ్బంది పెట్టింది గార్బేజ్ కలెక్షన్, అంటే పనైపోయిన మెమరీని ఊడ్చి ఖాళీ చేయడం. సిప్‌ను, మెసేజ్ చేరిందో లేదో తనంతట చూడని యూడీపీ మీద నడిపితే, 500 మిల్లీసెకన్లలో జవాబు రాకపోతే అవతలివాడు అదే మెసేజ్ మళ్లీ పంపుతాడు. ఆపైన ఒక సెకను, రెండు సెకన్లు, ఇలా వ్యవధి రెట్టింపవుతూ పోతుంది. 32 సెకన్లకు కాల్ ఆశ వదులుకుంటాడు. ఇప్పుడు చెత్త ఊడ్చుకోవడానికి జేవీఎం (జావా కోడ్‌ను నడిపే ఇంజిన్) ఒక్క సెకను ఆగిందనుకుందాం. ఆ సర్వర్‌లో జవాబు కోసం చూస్తున్న కాల్స్ అన్నిటికీ డూప్లికేట్ మెసేజ్‌లు వచ్చి పడతాయి. లేచేసరికి కొత్తవీ ఉంటాయి, పాతవాటి నకళ్లూ ఉంటాయి. నకళ్లను విప్పి చూడటానికే కొత్త ఆబ్జెక్టులు పుడతాయి, దాంతో తర్వాతి గార్బేజ్ కలెక్షన్ ఇంకా త్వరగా వచ్చి పడుతుంది. రద్దీ వేళ సర్వర్ కుప్పకూలడానికి ఇది చాలు. సగటు వేగం బ్రహ్మాండంగా ఉందని చూపించే ప్రెజెంటేషన్లలో ఇదేదీ కనపడదు. ఎరిక్సన్‌లో పుట్టిన ఎర్లాంగ్ భాషలో ప్రతి ప్రాసెస్‌కూ విడి మెమరీ కాబట్టి మొత్తం యంత్రం ఇలా ఆగదు. ఈ ఒక్క విషయంలో జావా వెనకబడిందని ఒప్పుకోవాలి. 2017లో జావా కిట్ జేడీకే 9తో తక్కువసేపు ఆగే కలెక్టర్ జీ1 డిఫాల్ట్ అయింది, 2020లో జేడీకే 15తో ఇంకా తక్కువ ఆగే జెడ్‌జీసీ ప్రొడక్షన్‌కు సిద్ధమైంది. ఆ తర్వాత పాత ఫిర్యాదు చాలావరకు పసతప్పింది.

స్లీ మాత్రం నిలదొక్కుకోలేదు. ఓపెన్‌క్లౌడ్ తయారుచేసిన స్లీ సర్వర్ రైనో మెటాస్విచ్ చేతికి పోయింది, 2020లో మెటాస్విచ్‌ను మైక్రోసాఫ్ట్ కొంది. ఓపెన్ సోర్స్‌లో వచ్చిన మొబిసెంట్స్ రెడ్‌హ్యాట్ గూటికి చేరి, అక్కడినుంచి టెలిస్టాక్స్‌కు, చివరికి రెస్ట్‌కామ్ పేరుకు మారింది. చెప్పుకోదగ్గ ఉత్పత్తులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. దీన్ని నేర్చుకుంటే ఇంకెక్కడా పనికిరాదన్న భయం ఇంజనీర్లది, మనుషులు దొరకరన్న భయం కంపెనీలది.

2023లో జేడీకే 21తో వర్చువల్ థ్రెడ్లు (మెమరీ తక్కువ తీసుకునే తేలికైన థ్రెడ్లు) వచ్చాక ‘ఇక ఇవన్నీ ఎందుకు, లక్షల థ్రెడ్లు పెట్టుకుని వరుసగా కోడ్ రాసుకుంటే పోలేదా’ అనేవాళ్లు ఎక్కువయ్యారు. ఇందులో సగమే నిజం. ఎదురుచూపు చవకైంది, అది పెద్ద మేలే. కానీ వర్చువల్ థ్రెడ్ స్టాక్ కూడా ఒకే జేవీఎం మెమరీలో ఉంటుంది. సర్వర్ల మీద అప్లికేషన్లను నడిపించే కుబర్నెటిస్‌లో పాడ్ (అప్లికేషన్ నడిచే చిన్న యూనిట్) పోవడం రోజువారీ వ్యవహారం. పాడ్ పోతే దాంట్లోని కాల్స్ స్థితి కూడా పోతుంది. అలా పోకూడదంటే ప్రతి మెసేజ్‌కూ స్థితిని బయటి స్టోర్ నుంచి తెచ్చుకోవాలి, మార్చాలి, మళ్లీ అక్కడ పెట్టాలి. అంటే స్లీ కంటైనర్ చేసిపెట్టిన పనినే ప్రతి టీమూ చేత్తో, తనకు తోచినట్టు రాసుకోవడమన్నమాట.

పైగా ఏ ఫ్రేమ్‌వర్కూ నెట్‌వర్క్ గురించి నేర్పదు. ఎస్ఎమ్ఎస్ వెళ్లేదే సిగ్నలింగ్ మెసేజ్ కడుపులో, చోటు 140 బైట్లు. ఇంగ్లిష్‌కు 160 అక్షరాలు పడతాయి, తెలుగుకు మామూలుగా 70. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్క కాబట్టి నిజానికి ఇంకా తక్కువ. ఈ లెక్క జావా స్ట్రింగ్ పొడవుతో సరిపోవడం మన అదృష్టం. అక్షరాలను దాచే ఇంకో పద్ధతి యూటీఎఫ్-8లో బైట్లు లెక్కపెడితే ఒక్కోటీ మూడు పడి, రావాల్సిన దానికంటే ముందే మెసేజ్ ముక్కలవుతుంది. అమీర్‌పేటలో జావా, దాని ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ నేర్చుకుని టెలికాం ప్రాజెక్టులో పడ్డ కుర్రాళ్లకు ఇలాంటివి అనుభవం మీదే తెలుస్తాయి.

కొత్తగా ఇలాంటి ప్లాట్‌ఫామ్ ఎంచుకునే టీమ్‌కు నేను చెప్పేది ఒకటే పరీక్ష. పూర్తి లోడ్ నడుస్తుండగా ఒక నోడ్‌ను (సర్వర్‌ను) చంపండి. అందులో అప్పటికే మాట్లాడుతున్న కాల్స్ తాలూకు ఛార్జింగ్ రిపోర్టులను మిగతా నోడ్లు అందుకుని లెక్క కట్టగలిగాయో లేదో చూడండి. స్లీనా, స్ప్రింగా అన్న చర్చ ఆ ఫలితం చేతికొచ్చాక పెట్టుకోవచ్చు.